చూడకపోతే తెలియదు, తెలియకపోతే తప్పు లేదా?

అబద్ధం చెప్పకూడదని మనకు ఒకటో తరగతి నుంచీ చెబుతున్నారు. అందులో ఎవరికీ అనుమానం లేదు. తెలిసిన నిజాన్ని దాచకూడదు అనేది దానికన్నా కొంచెం కష్టమైన మాట. అయినా దాన్నీ చాలామంది ఒప్పుకుంటారు. నేను ఈ వ్యాసంలో అడగదలచుకున్నది ఇంకో మెట్టు పైన ఉన్న ప్రశ్న. మనకు ఇంకా తెలియని నిజాన్ని, తెలిస్తే మనకే నష్టం వచ్చే నిజాన్ని, వెతికి మరీ అవతలివాళ్ళకు చెప్పాలా? లేక మనకు తెలిసినంతవరకు చెప్పి ఊరుకుంటే సరిపోతుందా?

ఈ ప్రశ్న నాకు పుస్తకంలో దొరకలేదు. ఉత్తర చెన్నైలో ఉన్న మా తాత ఇల్లు అమ్మాలని అనుకున్నప్పుడు మా ఇంట్లోనే పుట్టింది. తర్వాత పుస్తకాల్లో వెతికితే, ఇదే ప్రశ్న మీద, అదీ ఇల్లు అమ్మే విషయం మీదే, రెండు వేల ఏళ్ళ కిందటే వాదించుకున్నారని తెలిసింది. ఆ రెండింటినీ కలిపి రాస్తున్నాను.

ముందు మన ఊళ్ళలో ఇల్లు కొనేవాళ్ళు ఏమేం చూస్తారో చెబుతాను. మొదట వాస్తు చూస్తారు. వాకిలి ఏ దిక్కున ఉంది, వంటగది ఆగ్నేయంలో ఉందా, బావి ఎక్కడ ఉంది అని అడుగుతారు. తర్వాత లాయరు దగ్గరికి వెళ్ళి దస్తావేజులు చూపిస్తారు. విల్లంగం సర్టిఫికెట్ తీయిస్తారు. పట్టా ఎవరి పేరున ఉందో చూస్తారు. బ్యాంకు లోను తీసుకుంటే బ్యాంకు ఒక మనిషిని పంపిస్తుంది. ఆయన ముఖ్యంగా చూసేది ఇంటి విలువ, ఆ అప్పుకు సరిపోతుందా లేదా అని. ఇక గోడలో చెమ్మ ఉందా, దూలంలో చెదలు ఉన్నాయా, శ్లాబులో కమ్మీలు తుప్పు పట్టాయా అని పనిగట్టుకుని చూసేవాళ్ళు తక్కువ. కొనేవాళ్ళు అరగంట ఇల్లంతా తిరుగుతారు, కొళాయి తిప్పి చూస్తారు, కాఫీ తాగి వెళ్ళిపోతారు. ఆ అరగంటలో కనిపించేది కొత్త రంగే.

కొన్ని దేశాల్లో ఇల్లు కొనేముందు ఇంజనీరులాంటి మనిషిని పెట్టి తనిఖీ చేయించుకోవడం మామూలు. కొందరు అమ్మేవాళ్ళు కూడా ఇల్లు అమ్మకానికి పెట్టకముందే తనిఖీ చేయించి, ఆ రిపోర్టును కొనేవాళ్ళ ముందు పెడతారు. మన దగ్గర ఆ అలవాటు ఇంకా రాలేదు. అమ్మేముందు మనం చేయించేది ఒక్కటే, వెల్ల వేయించడం. పైన పటారం, లోన లొటారం అనే సామెత ఇలాంటి ఇంటిని చూసే పుట్టిందేమో.

మా తాత ఇల్లు రెండు భాగాలు. ముందువైపు రెండు గదులు మా ముత్తాత కట్టించినవి. వాటి కప్పు మద్రాస్ టెర్రస్. అంటే కొయ్య దూలాలు వరసగా పేర్చి, వాటి మీద సన్నటి ఇటుకలను నిలబెట్టి ఏటవాలుగా సున్నంతో కట్టి, పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి దట్టించి, ఆపైన చదరపు పెంకులు పరుస్తారు. అది మంచి కప్పు, వేసవిలో చల్లగా ఉంటుంది. కానీ పైన పెంకుల మధ్య సందు పడితే నీళ్ళు మెల్లగా దిగి, గోడలో దాగిన దూలం కొసలు తడుస్తాయి. తడిసిన కొయ్యకు చెదలు పడతాయి. దూలం నడిమి భాగం గట్టిగానే కనిపిస్తుంది, గోడలో ఉన్న కొస మాత్రం పొడి అయిపోతుంది. వెనకవైపు భాగం తాత మిల్లులో పనిచేసే రోజుల్లో 1988లో వేయించిన కాంక్రీటు శ్లాబు.

ఇల్లు ఎందుకు అమ్మాలి అంటే, తాతకు మా నాయన, పెదనాయన, అత్త ముగ్గురు పిల్లలు. అవ్వ పోయాక తాత ఒక్కడే ఆ ఇంట్లో ఉండలేకపోయాడు. పైగా పెద్దమ్మ ఆపరేషన్‌కు పెదనాయన చేసిన అప్పు నెలనెలా వడ్డీతో పెరుగుతోంది. ఇల్లు అమ్మి ముగ్గురికీ పంచాలని తాతే నిర్ణయించాడు.

బ్రోకర్ వచ్చి, రంగు వేయించండి, మంచి ధర వస్తుంది అన్నాడు. మేస్త్రీ కూడా అదే చెప్పాడు. తాత మాత్రం, ముందు ఎవరైనా తెలిసిన ఇంజనీరుతో ఇల్లంతా చూపించి, ఏముందో ఏంలేదో కాగితం మీద రాయించి, తర్వాతే అమ్మకానికి పెడదాం అన్నాడు. అప్పుడు పెదనాయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"నాయనా, మనకు తెలిసి దాస్తే తప్పు. చూడకపోతే మనకు తెలియదు. తెలియనిదాన్ని దాచినట్టు ఎట్లా అవుతుంది? చూపించుకుని మరీ నష్టపోవడం ఎందుకు?"

పెదనాయన మోసగాడు కాడు. ఒకసారి కిరాణా కొట్టులో ఇరవై రూపాయలు ఎక్కువ ఇచ్చారని బస్సు దిగి వెనక్కి నడిచి వెళ్ళి ఇచ్చి వచ్చిన మనిషి. ఆయన అడిగింది నిజమైన ప్రశ్న. దానికి తేలిగ్గా జవాబు చెప్పేసేవాళ్ళు దాన్ని సరిగ్గా వినలేదని నా అభిప్రాయం.

చట్టం కూడా చాలావరకు పెదనాయన వైపే ఉన్నట్టు కనిపిస్తుంది. నేను ప్లస్ టూలో కామర్స్ చదువుతున్నాను కాబట్టి ఈ చట్టాలు కొంచెం చూశాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఆస్తిలో కానీ హక్కులో కానీ ఉన్న ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు కొనేవాడికి చెప్పాలి. అయితే ఏ లోపాన్ని? అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూస్తే కొనేవాడికి కనిపించని లోపాన్ని. అలా చెప్పకపోవడం మోసమే అని కూడా ఆ సెక్షన్ చివర రాసి ఉంది. మంచి చట్టమే. కానీ అందులో "అమ్మేవాడికి తెలిసి" అనే మాట ఉంది. తెలియకపోతే? ఆ సెక్షన్‌లో అమ్మేవాడు ముందుగా ఇల్లంతా పరీక్ష చేయించాలన్న మాట లేదు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లో ఒక గుర్రం ఉదాహరణ ఉంది. ఒకడు రోగమున్న గుర్రాన్ని వేలంలో అమ్ముతాడు, రోగం సంగతి తెలిసినా ఏమీ మాట్లాడడు. అది మోసం కాదంటుంది చట్టం. కానీ కొన్నది అతని సొంత కూతురే అయి, అప్పుడే మేజరయిన పిల్ల అయితే, చెప్పాల్సిన బాధ్యత ఉందంటుంది. అదే సెక్షన్‌లో, తెలిసిన విషయాన్ని పనిగట్టుకుని కప్పిపెట్టడం మోసమని కూడా ఉంది. ఆ లెక్కన చెమ్మ మరక ఉందని తెలిసి, కొనేవాళ్ళకు కనపడకూడదని దాని మీద రంగు పూయించడం నోరు మూసుకుని కూర్చోవడంతో సమానం కాదు. అది కప్పిపెట్టడమే.

ఆ గుర్రం ఉదాహరణ చదివినప్పుడు నాకు ఒక సందేహం వచ్చింది. కూతురికైతే చెప్పాలి, పరాయివాడికి చెప్పనక్కర్లేదు అంటే, నిజం అనేది మనవాళ్ళకు మాత్రమే ఇచ్చే వస్తువా? చట్టం అందరినీ మంచివాళ్ళుగా చేయడానికి కాదు, గొడవలు తీర్చడానికి పుట్టింది, అందుకే ఎక్కడో ఒకచోట గీత గీస్తుంది. ఆ గీత దాటకపోతే జైలుకు వెళ్ళం. అంతమాత్రాన మంచి పని చేసినట్టు కాదు.

ఇక రెండు వేల ఏళ్ళ కిందటి వాదన. రోము నగరంలో సిసెరో అనే గొప్ప వక్త ఉండేవాడు. క్రీస్తు పూర్వం 44లో ఆయన మనిషి చేయాల్సిన విధుల గురించి ఒక పుస్తకం రాశాడు. ఏథెన్సులో చదువుకుంటున్న తన కొడుకు కోసం రాశాడు. అంటే అది కూడా ఒక విద్యార్థి కోసం రాసిందే. దాని మూడో భాగంలో ఇల్లు అమ్మే మనిషి వస్తాడు. ఆ ఇల్లు ఆరోగ్యానికి మంచిది కాదు, పడకగదుల్లో పాములు కనిపిస్తుంటాయి, కొయ్య నాసిరకం, కూలిపోయేలా ఉంది. ఈ సంగతులు యజమానికి తప్ప ఎవరికీ తెలియవు. చెప్పకుండా అమ్మితే తప్పా?

సిసెరో ఇద్దరు గ్రీకు తత్వవేత్తల వాదాలను పక్కపక్కన పెడతాడు. డయోజెనిస్ అనే ఆయన, తప్పు లేదంటాడు. కొనమని ఎవరూ బలవంతం చేయలేదు కదా, ఇల్లు అమ్మకానికి పెట్టాడు, నచ్చినవాడు చూసుకుని కొన్నాడు. రోగాల కొంప అమ్మబడును అని చాటింపు వేయించేవాడు ఎవడైనా ఉంటాడా అని అడుగుతాడు. దారి తెలియనివాడికి దారి చూపకపోవడం ఎలాంటి తప్పో ఇదీ అలాంటి తప్పే అంటాడు ఆంటీపాటర్ అనే రెండో ఆయన. ఇంకా చెప్పాలంటే దానికన్నా పెద్దది, ఎందుకంటే ఇక్కడ తెలిసి తెలిసి ఒకణ్ణి గోతిలోకి నడిపిస్తున్నాం. సిసెరో చివరికి ఆంటీపాటర్ పక్షమే తీసుకుంటాడు.

అదే పుస్తకంలో జరిగిన సంగతి కూడా ఒకటి చెబుతాడు. రోములో ఒక కొండ మీద ఉన్న ఇంట్లో కొంత భాగం మరీ ఎత్తుగా ఉండి, శకునాలు చూసే అధికారులకు అడ్డం వస్తోందని, దాన్ని కూలగొట్టమని ఆజ్ఞ వచ్చింది. యజమాని ఆ మాట చెప్పకుండా ఇల్లు అమ్మేశాడు. కొన్నవాడు ఆ భాగాన్ని కూలగొట్టాల్సి వచ్చింది. వ్యవహారం న్యాయం దాకా వెళితే, అమ్మినవాడికి అమ్మేటప్పటికే తెలుసు, చెప్పలేదు కాబట్టి నష్టం అతనే భరించాలని తీర్పు వచ్చింది. కూలగొట్టాల్సిన ఇంటిని చెప్పకుండా అమ్మడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మనుషులు పెద్దగా మారలేదు.

అయితే గమనించండి. ఈ రోము కథలన్నిటిలోనూ అమ్మేవాడికి లోపం ముందే తెలుసు. పాములు చూశాడు, ఆజ్ఞ విన్నాడు. పెదనాయన ప్రశ్న అది కాదు. పెదనాయన అడిగింది, పాములు ఉన్నాయేమో అని వెళ్ళి చూడాలా అని.

ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చిన మనిషి ఇంగ్లండుకు చెందిన క్లిఫర్డ్. ఆయన గణితం చదివినవాడు. 1877లో నమ్మకాల నీతి గురించి ఒక వ్యాసం రాశాడు. అందులో ఓడ యజమాని ఒకడు వస్తాడు. అతని ఓడ పాతది, మొదటినుంచీ అంత బాగా కట్టింది కాదు, చాలాసార్లు మరమ్మతులు జరిగినది. ప్రయాణికులతో సముద్రం మీదికి పంపేముందు అతనికి అనుమానం వస్తుంది. పరీక్ష చేయిస్తే ఖర్చు. అందుకని తనకు తాను సర్దిచెప్పుకుంటాడు. ఇన్నిసార్లు వెళ్ళి క్షేమంగా వచ్చింది కదా, దేవుడున్నాడు కదా అనుకుని, చివరికి ఓడ గట్టిదేనని మనస్ఫూర్తిగా నమ్ముతాడు. ఓడ మునిగిపోతుంది. అతను బీమా డబ్బు తీసుకుంటాడు. క్లిఫర్డ్ తీర్పు ఏమిటంటే, ఆ మనుషుల చావుకు అతనే బాధ్యుడు. నిజంగానే నమ్మాడు కదా అంటే, అలా నమ్మే హక్కు అతనికి లేదు, ఎందుకంటే ఆ నమ్మకం పరీక్ష వల్ల వచ్చింది కాదు, అనుమానాన్ని నొక్కేయడం వల్ల వచ్చింది. ఒకవేళ ఓడ క్షేమంగా చేరినా అతని తప్పు తప్పే, బయటపడలేదు అంతే అంటాడు.

ఇది చదివాక నాకు పెదనాయన మాటలో చిక్కు ఎక్కడుందో అర్థమైంది. "చూపించుకుని మరీ నష్టపోవడం ఎందుకు" అన్నాడు. నష్టం వస్తుందని ఎలా తెలుసు? ఏదో ఉందని లోపల అనుమానం ఉండబట్టే కదా. ఏమీ లేదని నమ్మేవాడు పరీక్షకు భయపడడు. అంటే తెలియదు అనే మాట పూర్తిగా నిజం కాదు. సగం తెలుసు. మిగతా సగం తెలుసుకోకుండా ఆపుతున్నది మనమే. మన పెద్దవాళ్ళు దీన్నే పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అన్నారు. కళ్ళు లేని పిల్లి గురించి కాదు ఆ సామెత.

కాబట్టి తెలియకపోవడంలో రెండు రకాలున్నాయి. ఒకటి, అసలు అనుమానమే రాక తెలియకపోవడం. రెండోది, అనుమానం వచ్చి, తెలిస్తే చెప్పాల్సి వస్తుందని చూడకపోవడం. మొదటిదానికి మనల్ని ఎవరూ తప్పు పట్టలేరు. రెండోది చూడటానికి మొదటిదానిలాగే ఉంటుంది. రెంటిలోనూ మనిషి "నాకు తెలియదండీ" అనే అంటాడు. కానీ రెండోదాంట్లో ఆ తెలియకపోవడం మనం కావాలని తయారు చేసుకున్నది.

అలాగని దీనికి అంతు లేకుండా చేస్తే అదీ అన్యాయమే. అమ్మే ప్రతివాడూ గోడలు తవ్వించి, నేల పగలగొట్టించి చూడాలంటే ఎవరూ ఇల్లు అమ్మలేరు. ఉన్న ఒక్క ఇంటిని కష్టంలో అమ్ముకునేవాడి మీద ఇంత బరువు పెట్టవచ్చా? నేను ఆలోచించి మూడు ప్రశ్నలు పెట్టుకున్నాను. ఒకటి, అనుమానించడానికి ఏదైనా గుర్తు కనిపించిందా? అంటే చెమ్మ మరక, పొడి రాలడం, బీట, వాసన. రెండు, ఆ అనుమానం నిజమైతే కొనేవాళ్ళ ప్రాణానికో, వాళ్ళ జీవితకాలపు సంపాదనకో నష్టమా? మూడు, కొనేవాళ్ళు మామూలుగా వచ్చి చూస్తే అది వాళ్ళకు కనిపించదా? మూడింటికీ అవును అని జవాబు వస్తే చూపించి తీరాలి. వంటగది పాత పద్ధతిలో ఉంది, కిటికీ చిన్నది లాంటివి వాళ్ళే చూసుకుంటారు, మనం చెప్పనక్కర్లేదు. ఇంకో మాట. చూసి చెప్పడం మన బాధ్యత, బాగు చేయించి ఇవ్వడం కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఉన్నది ఉన్నట్టే అమ్మవచ్చు.

మా తాత ఇంటికి మూడు జవాబులూ అవుననే వచ్చాయి. ముందు గదిలో గోడా దూలమూ కలిసేచోట గోధుమరంగు మట్టి గీతలు ఉండేవి, అవి చెదల దారులని అందరికీ తెలుసు. కప్పు కింద పడుకునేది మనుషులు. గోడ లోపలి కొస ఎవరికీ కనపడదు. తాత చివరికి రిటైరైన ఒక సివిల్ ఇంజనీరును పిలిచాడు. ఆయన ఒక పూటంతా ఉన్నాడు. చిన్న సుత్తితో గోడలు తట్టుకుంటూ తిరిగాడు. గుల్ల చప్పుడు వచ్చినచోట సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. దూలాల కొసల దగ్గర స్క్రూడ్రైవర్ గుచ్చి చూశాడు. పదకొండు దూలాల్లో రెండింటిలో స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది. వెనక బాత్‌రూం శ్లాబు అడుగున కమ్మీలు తుప్పు పట్టి ఉబ్బి, సిమెంటు పెచ్చులూడుతోంది. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును బయటికి నెడుతుంది, అక్కడ సిమెంటు పూస్తే మళ్ళీ ఊడుతుంది అని ఆయన నాకు వివరించాడు.

ఒక మంచి కబురు కూడా చెప్పాడు. మెట్ల పక్క గోడలో పెద్ద బీట ఒకటుంది. పునాది కుంగిందని మేమంతా ఏళ్ళ తరబడి భయపడేవాళ్ళం. ఆయన దాని మీద అడ్డంగా రెండు చిన్న గాజు ముక్కలు అంటించి, కొన్నాళ్ళు చూడమన్నాడు. బీట పెరుగుతుంటే గాజు పగులుతుంది. రెండు నెలలైనా పగల్లేదు. మళ్ళీ వచ్చి చూసి, అది పాత బీటే, ఇప్పుడు కదలడం లేదు, భయం లేదు అన్నాడు. చూడకపోతే చెడు తెలియదు, నిజమే. మంచి కూడా తెలియదు.

ఆయన చెప్పక్కర్లేకుండా మాకు తెలిసిన సంగతి ఇంకొకటుంది. 2015 డిసెంబరు వరదల్లో ఆ ఇంటి హాల్లోకి నీళ్ళు వచ్చాయి. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. బియ్యం డబ్బా మంచం మీదికి ఎక్కించడం గుర్తుంది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు మెట్ల దాకా వచ్చి ఆగాయి. చెన్నైలో ఇల్లు కొనేవాళ్ళు, అద్దెకు చూసేవాళ్ళు కూడా, 2015లో నీళ్ళు వచ్చాయా అని అడుగుతారు. ఎండాకాలంలో అడిగితే గోడలు ఏమీ చెప్పవు. చెప్పగలిగింది అక్కడ ఉన్నవాళ్ళే.

తాత చదువు తెలుగులో సాగింది, తమిళం రాయడం రాదు. కొనేవాళ్ళు తమిళులైతే చదువుకోవాలి కాబట్టి ఆ కాగితం తమిళంలో రాయమని నాకే చెప్పాడు. వరద సంగతి దగ్గరికి వచ్చేసరికి పెదనాయన, "కొంచెం నీళ్ళు వచ్చాయి అని రాయరా, అబద్ధం కాదుగా" అన్నాడు. తాత, "మోకాలి ఎత్తు అని రాయి" అన్నాడు. అలాగే రాశాను. కొంచెం అనే మాట అబద్ధం కాదు, నిజమే. కానీ చదివినవాళ్ళ మనసులో కొంచెం అంటే పాదాలు తడిసేంత. మాట నిజమై, దాని వల్ల పుట్టే బొమ్మ అబద్ధమైతే, మనం చెప్పింది ఏమిటి?

ఆ కాగితం చూసి మొదట వచ్చినవాళ్ళు మళ్ళీ ఫోను చేయలేదు. మూడు నెలల తర్వాత ఇద్దరు చిన్నపిల్లలున్న ఒక కుటుంబం వచ్చింది. వాళ్ళు కాగితం తీసుకెళ్ళి తమ మేస్త్రీకి చూపించి, నాలుగు లక్షలు తగ్గించమన్నారు. రెండున్నర లక్షలకు తెగింది. అంటే ముగ్గురిలో ఒక్కొక్కరి భాగంలో ఎనభై మూడు వేలు పోయాయి. ఆ మూడు నెలల వడ్డీ కూడా పెదనాయన నెత్తినే పడింది. నిజం చెబితే దేవుడు రెట్టింపు ఇస్తాడు అని కథల్లో ఉంటుంది. మాకు అలా ఏమీ జరగలేదు.

మంచి ఇంటివాళ్ళకు ఇలాంటి కాగితం వల్ల లాభమే అని ఒక వాదన ఉంది. 1970లో అకర్‌లాఫ్ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు సెకండ్‌హ్యాండ్ కార్ల సంత గురించి రాశాడు. ఏది మంచిదో ఏది చెడ్డదో కొనేవాడికి తెలియనప్పుడు అన్నిటికీ తక్కువ ధరే ఇస్తాడు. ఆ ధరకు మంచి కారున్నవాడు అమ్మడు. చివరికి సంతలో చెడ్డవే ఎక్కువగా మిగులుతాయి. ఈ పరిశోధనకే ఆయన 2001లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. అందరూ తనిఖీ కాగితం చూపిస్తే అందరికీ మేలే అన్నది నిజం. కానీ అందరూ చూపించని ఊళ్ళో ఒక్కడే చూపిస్తే, ఆ ఒక్కడికి నష్టం. ఈ లెక్క ఒప్పుకోకుండా నీతి మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

పెదనాయన ఇంకో మాట అన్నాడు. "ఆయన నిజాయితీకి నేను వడ్డీ కడుతున్నాను." దీనికి జవాబు వెతకడం అన్నిటికన్నా కష్టమైంది. ఒకరి డబ్బుతో ఇంకొకరు నిజాయితీగా ఉండవచ్చా? ఇల్లు తాతది, నిర్ణయం ఆయనదే అని చెప్పవచ్చు. అది చట్టం చెప్పే జవాబు. నాకు తోచింది వేరే ఉంది. ఆ రెండున్నర లక్షలు అసలు మావేనా? ఇంటి విలువ దూలాలు గట్టిగా ఉంటే ఒకటి, పుచ్చితే ఒకటి. పుచ్చిన దూలాలకు గట్టి దూలాల ధర తీసుకుంటే, ఆ తేడా కొన్నవాళ్ళు ఇచ్చినది కాదు, వాళ్ళకు తెలియకుండా వాళ్ళ దగ్గర తీసుకున్నది. పెద్దమ్మ ఆపరేషన్ అప్పు నిజమైన కష్టం. కానీ దాన్ని ఆ ఇద్దరు పిల్లల తల్లిదండ్రులకు చెప్పకుండా వాళ్ళ చేత కట్టించడం ఎలా సరి అవుతుంది? వాళ్ళకు చెప్పి, ఇష్టమై ఇస్తే అది వేరే. ఆ కష్టం పంచుకోవాల్సింది మేము. తాత తన ఖర్చులకని అట్టిపెట్టుకున్న డబ్బులోంచి కొంత పెదనాయనకు ఇచ్చాడు. నాయన కూడా కొంత సర్దాడు. అది పూర్తిగా సరిపోలేదు. పెదనాయనకు ఇప్పటికీ కొంచెం బాధ ఉంది, ఆ బాధను నేను తక్కువ చేయను.

కొత్తవాళ్ళు ఇంట్లో చేరకముందే ఆ రెండు దూలాలు తీయించి ఇనుప దూలాలు వేయించుకున్నారని తెలిసింది. తీసిన దూలాల కొసలు చేత్తో నలిపితే పొడి అయ్యాయట. కాగితం లేకపోతే ఎన్నేళ్ళకు తెలిసేదో, ఎలా తెలిసేదో మాకెవరికీ తెలియదు. బహుశా ఏమీ అయ్యేది కాదేమో. క్లిఫర్డ్ చెప్పినట్టు, ఏమీ కాకపోయినా ఆ చూడకపోవడం మంచిదయ్యేది కాదు.

మనలో చాలామందికి ఇల్లు అమ్మే పని ఇప్పట్లో రాదు. కానీ సైకిలు అమ్ముతాం, పాత ఫోను అమ్ముతాం, గైడు పుస్తకాలు జూనియర్లకు అమ్ముతాం. ఫోను వేడెక్కుతోందేమో అని అనుమానం ఉండి, కొనేవాడి ముందు ఎక్కువసేపు వాడి చూపించకుండా ఇచ్చేస్తాం. స్నేహితుడు ఏదో కష్టంలో ఉన్నాడని ముఖం చూస్తే తెలుస్తుంది. అడిగితే సాయం చేయాల్సి వస్తుందని అడగం. తర్వాత "నాకు తెలియదురా" అంటాం. ఆ మాట అనేముందు, నాకు తెలియకపోవడం దానంతట అదే జరిగిందా, నేను జరగనిచ్చానా అని ఒక్కసారి అడిగి చూసుకోవచ్చు. జవాబు మనకే తెలుస్తుంది, వేరే ఇంజనీరు అక్కర్లేదు.